సైలెన్సర్ తగిలిస్తే గురి చెడుతుందా?

మన సినిమాల్లో విలన్ తుపాకి మూతికి ఓ గొట్టం బిగిస్తాడు, "టుప్" మంటుంది, పక్కగదిలో వాళ్ళక్కూడా వినబడదు. నేనూ చాన్నాళ్ళు అదే నమ్మా. డాలస్ వచ్చాక, జింకల వేటకెళ్ళే ఓ సహోద్యోగి పుణ్యమా అని షూటింగ్ రేంజికి వెళ్తేగానీ ఆ భ్రమ వదల్లేదు. సైలెన్సర్ (వాళ్ళు సప్రెసర్ అంటారు) తగ్గించేది 20-35 డెసిబెల్సే. ధ్వనికన్నా వేగంగా పోయే తూటా చేసే చప్పుడు ఎటూ పోదు.

అయితే నన్ను ఆశ్చర్యపరిచింది శబ్దం కాదు, టార్గెట్ కాగితం. 100 గజాల దూరంలో సైలెన్సర్ లేకుండా కొట్టిన తూటాలన్నీ మధ్యలో ఒకేచోట పడ్డాయి. సైలెన్సర్ బిగించి కొడితే మళ్ళీ అన్నీ ఒకేచోట పడ్డాయి, కాకపోతే ఒకటిన్నర అంగుళం కిందకి!

ఎందుకలా? స్టీలు స్కేలుని బల్ల అంచున పెట్టి మీటడం చిన్నప్పుడు అందరం చేసిందే. దాని కొసకి ఓ రబ్బరు ముక్క అతికించి మళ్ళీ మీటండి, ఊగే తీరు మారిపోతుంది. తుపాకి గొట్టమూ అంతే. పేలినప్పుడు అది కంపిస్తుంది. కొసన అరకిలో దాకా బరువు వేలాడితే ఆ కంపనం మారుతుంది, తూటా బయటపడే క్షణానికి మూతి ఇంకోవైపు చూస్తుంటుంది. సన్నటి గొట్టాల్లో ఈ తేడా ఎక్కువ. సాధారణంగా కిందకే పడతాయిగానీ ఏ తుపాకి తీరు దానిదే.

"అది పెడితే గురి పోతుంది" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. గురి చెడలేదు, జరిగింది. చెదిరిపోతే చేసేదేం లేదు. ప్రతిసారీ ఒకేలా జరిగితే మాత్రం స్కోపు నాలుగు క్లిక్కులు తిప్పితే సరి. అసలు భయపడాల్సింది బిగింపు గురించి. వేడికి మర వదులైనా, తీసి పెట్టినప్పుడల్లా కాస్త వేరుగా కూర్చున్నా ఆ లెక్క నిలవదు.

ఒకటిన్నర అంగుళానికింత రాద్ధాంతమా అంటారా? అదే 300 గజాలకి నాలుగున్నర అంగుళాలు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు. అంటే నడిమధ్యకి గురిపెట్టినా తూటా ఆ హద్దు దాటేస్తుంది. మనకది కాగితం మీద తప్పు. ఆ మూగజీవికి మాత్రం పొదల్లో గంటలకొద్దీ నరకం. వేట మంచా చెడా అన్నది వేరే చర్చ. వేటాడేవాడికి ఈమాత్రం బాధ్యత ఉండాలి కదా.

ఇప్పుడెందుకీ గోలంటే, అమెరికాలో 1934 నుంచీ సైలెన్సర్ మీద ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి నుంచి సున్నా అయింది. రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉంది. కొత్తగా కొనేవాళ్ళు పెరుగుతారు. వాళ్ళకి మా వృత్తి నేర్పిన పాఠమొకటి చెప్తా: ప్రొడక్షన్లో ఏది నడపబోతున్నామో దాన్నే టెస్ట్ చెయ్యాలి. సైలెన్సర్ లేకుండా గురి సరిచూసుకుని, వేట రోజు పొద్దున్నే బిగించుకుని బయల్దేరడమంటే, చివరి నిమిషంలో కోడు మార్చి టెస్ట్ చెయ్యకుండా రిలీజ్ చెయ్యడమే. మాకైతే అర్ధరాత్రి ఫోనొస్తుంది. జింక ఫోన్ చెయ్యలేదుగా!