పాలు పడాలని ప్రార్థిస్తే చాలదు

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో విన్నపాలు చెప్పే వేళ రామకృష్ణాపూర్‌లో ఎక్కువగా వినిపించేవి బాయి సంగతులే. నైట్ షిఫ్టుకు వెళ్లే భర్త క్షేమం, కొడుకు ఉద్యోగం, మెడికల్ అన్‌ఫిట్ కాగితాలు. ఆ వారం ఒక చెల్లెలు లేచి, "నాకు పాలు తగ్గిపోతున్నయి, ప్రార్థన చేయండి" అని తల దించుకుంది. బిడ్డకు ఐదో నెల. మంచిర్యాలలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా మూడో నెలకే తిరిగి పనిలో చేరింది.

అందరం మోకరించాం. ప్రార్థన అయ్యాక ఎల్లిపాయ కారం తినమని ఒకరు, మెంతులు నానబెట్టుకోమని ఒకరు. ఎండలో తిరిగి వచ్చిన తల్లి పాలు వేడి చేస్తాయి గనుక పిండి పారబోశాకే పట్టమని మరొకరు. "విశ్వాసం గట్టిగా ఉంటే పాలెందుకు పడవు?" అన్న మాట కూడా వినబడింది. ఆ మాట విన్నందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పాస్టరమ్మగారు మాత్రం ఒక ప్రశ్న అడిగారు. "మధ్యాహ్నం రొమ్ములు నిండితే ఏం జేస్తున్నవు బిడ్డా?"

"బాత్రూంల నిలబడి పిండి పారబోస్తున్న అమ్మా. ఒక్కోసారి అది గూడ కుదరది, చీర తడుస్తది."

ప్రియులారా, అసలు సంగతి అక్కడుంది. తల్లిపాలు గోదావరి ఇసుకలో తీసిన చెలిమ లాంటివి. తోడితే ఊరుతాయి, వదిలేస్తే ఊట తగ్గుతుంది. బిడ్డ తాగినప్పుడో, చేత్తోనో పంపుతోనో తీసినప్పుడో మాత్రమే ఇంకా కావాలన్న కబురు శరీరానికి అందుతుంది. పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలి సాయంత్రం ఐదు దాకా ఆ కబురు అందకపోతే పాలు తగ్గక ఏమవుతాయి? పైగా భయం, సిగ్గు, తొందర ఉన్నచోట పాలు చేపవు. ఇందులో విశ్వాసం కొరత ఎక్కడుంది?

ఆమెకు కావలసింది సుమారు మూడు గంటలకొకసారి ఒక పావుగంట, గడియ పెట్టుకునే గది, చేతులు కడుక్కునేందుకు నీళ్లు, శుభ్రమైన మూత డబ్బా. తీసిన పాలు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిల్వ ఉంటాయని వైద్యులు చెబుతారు. అయితే ఆ 4 గంటల లెక్క 25 డిగ్రీల లోపు వేడికి. మే నెలలో 45 డిగ్రీలు చూసే మన బొగ్గు ప్రాంతంలో ఐసు పెట్టిన డబ్బా తప్పదు. ఇంటి దగ్గర అమ్మమ్మ ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు, సీసా అక్కర్లేదు. అప్పటికీ చాలక డాక్టరు సలహాతో డబ్బా పాలు పట్టిన తల్లిని పాపిని చూసినట్టు చూడవద్దు.

హన్నా సంగతి మనకు తెలుసు. బిడ్డ పాలు విడిచేదాకా షిలోహు యాత్ర కూడా మానుకుంది. ఎల్కానా అడ్డు చెప్పలేదు (1 సమూయేలు 1:21-23). దేవుని మందిరానికి వెళ్లడం కంటే ఆ కొన్నేళ్లు బిడ్డకు పాలివ్వడమే ముందు వచ్చింది. కానీ హన్నాకు జీతం కోతపడలేదు. మన చెల్లెలికి దగ్గరగా ఉన్నది యోకెబెదు. ఫరో కుమార్తె తనకు తెలియకుండానే ఒక తల్లికి తన బిడ్డకే పాలిచ్చే పని అప్పగించి, అందుకు జీతమూ ఇచ్చింది (నిర్గమ 2:7-9). జీతమా, పాలా అని ఆ తల్లి ఒకటి వదులుకోవలసి రాలేదు. ఏశావు వెంట వేగంగా నడవలేనని యాకోబు చెప్పిన కారణం కూడా చూడండి. చిన్నపిల్లలూ, పాలిచ్చే మందలూ ఉన్నాయి, వాటి నడకే తన నడక అన్నాడు (ఆదికాండము 33:13-14).

లోక చట్టం ఈపాటి దయ చూపించింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది, ఆపైన పనిచేసేచోట శిశు సంరక్షణ గది ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు మొదటి నుంచీ ఉన్నాయి. ఇవన్నీ ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లో చేరాయి. 2019 నుంచి ఆడవాళ్లు భూగర్భ గనిలోకి కూడా దిగవచ్చు. తండ్రి ఉద్యోగం కూతురికి వస్తున్న ఈ కాలంలో, ఈ అవసరం రేపు బాయి మీద పనిచేసే తల్లులదీ అవుతుంది.

చట్టం ఇతరులకు చెప్పే ముందు మన గడప చూసుకుందాం. సంఘాల పేరుతో బడులు, ఆసుపత్రులు నడుపుతున్నాం. టీచర్లు, నర్సులు మన ఆడపిల్లలే. ఎన్నింటిలో వాళ్లకు గడియ ఉన్న గది ఒకటుంది? ఆదివారం ఆరాధన మూడు గంటలు సాగదీసే మాలాంటి బోధకులం, వాక్యం మధ్యలో లేచి చెట్టుకిందికి వెళ్లే తల్లిని ఏనాడైనా పట్టించుకున్నామా?

మా మందిరం పక్కన పాత చాపలు, డోలక్ పడేసిన చిన్నగది ఉండేది. దాన్ని ఖాళీ చేసి కుర్చీ వేసి, పరదా కట్టి, లోపలి గడియ బిగించాం. ఇద్దరు పెద్దల భార్యలు ఆ చెల్లెలి వెంట బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడారు. పదిన్నరకు ఒకసారి, భోజనం వేళ ఒకసారి ల్యాబు లోపలి గది వాడుకోమన్నారట. పాలు కొంత పెరిగాయి. డబ్బా పాలు పూర్తిగా మానలేదు.

మొన్న శుక్రవారం ఆమె మళ్లీ లేచింది, ఈసారి పక్కింటి అమ్మాయి కోసం. ఆమె కాంట్రాక్టు మీద రోడ్లు ఊడుస్తుంది, నాలుగు నెలల బిడ్డ తల్లి. రోడ్డు మీద పనిచేసే ఆమెకు ఏ గది చూపించాలో మాకింకా తోచలేదు.