రాజకీయములు మాటలాడరాదు

బోడినాయకనూరులోని పాత టీ అంగళ్ళలో గోడకు ఒక పలక వ్రేలాడుచుండెడిది. "ఇక్కడ రాజకీయములు మాటలాడరాదు" అని దానిపై తమిళ లిపిలో వ్రాసియుండును. తమిళదేశమంతటను ఇట్టి పలకలు కలవు. ఆ పలక క్రిందనే కూర్చుండి మా పెద్దలు కామరాజు గారి దినములు మొదలుకొని మాటలాడని రాజకీయము లేదు. పలక వ్రేలాడదీసిన అంగడివాడే చక్కెర కలుపుచు వాదమునకు దిగెడివాడు. అతని బాధ వేఱు. ఒక్క టీకి గంటసేపు బల్ల విడువనివారిని లేపుటకు అది యొక యుపాయము. దానిని ఎవరును చట్టమని తలపలేదు.

నేడు ఆ పలక గోడ దిగి మన చేతిలోని ఫోనులోనికి ప్రవేశించినది. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములవారు పెండ్లి సంబంధములకును, మరణవార్తలకును, కులదేవత కొలువులకును ఏర్పఱచుకొనిన వాట్సాపు బృందములలో మొదటి నియమమిదియే. ఈసారి మాత్రము అందఱును దానిని శాసనమువలె పాటించుచున్నారు. ఏలకుల వేలములో ధర పడిపోయినదని వ్రాయవచ్చునట. ఎందుకు పడినదని అడుగరాదట. కొండమీది తోటలకు కూలీలను తీసికొనిపోవు జీపు బోల్తాపడినదని వ్రాయవచ్చునట. ఆ దారి బాగుచేయవలసినవారెవరని అడుగరాదట.

మొన్న మా బంధువర్గములోని ఒక యువకునికి ఫోను చేసి, వారి వీథిలోని మంచినీటి సంగతి అడిగితిమి. అతడు గొంతు తగ్గించి, "మామా, ఆ సంగతి ఫోనులో వద్దు. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్తాను" అనెను. ఆ పిల్లవాడు దొంగ కాడు, దొరలతో వైరము పెట్టుకొనినవాడును కాడు. అతడు దాచిన రహస్యమెల్ల, కుళాయి ఎన్ని దినములకొకమాఱు వచ్చుననునది మాత్రమే. సాయంత్రము వచ్చి చెప్పెను. అది విని మాకు నవ్వు రాలేదు.

ఈ భయము ఊరక పుట్టలేదు. 2024 మార్చిలో హైదరాబాదులో రాష్ట్ర ప్రత్యేక గూఢచారి విభాగమునకు చెందిన పోలీసు అధికారులను పోలీసులే బంధించిరి. నక్సలైట్లను కనిపెట్టుటకై ఏర్పడిన యంత్రములతో ప్రతిపక్షనాయకుల ఫోన్లు వినిరనియు, ప్రభుత్వము మాఱిన సమయమున ఆ దాఖలాలున్న హార్డుడిస్కులను నాశనము చేసిరనియు ఆరోపణ. దోషులెవరో తేల్చవలసినది న్యాయస్థానము. మేము తీర్పు చెప్పబోము. కాని ఒక్కటి మాత్రము చెప్పగలము. మేము దస్త్రములు కట్టి, ముడి విప్పి, మరల కట్టి జీవితము గడపినవారము. ఒక పనికై తెఱచిన రిజిస్టరు ఆ ఒక్క పనికే నిలుచుట మేము చూడలేదు. ఇంటిపన్ను కొఱకు వ్రాసికొనిన పేర్లపట్టికను చందాలకై, చందాల పట్టికను ఓట్లకై అడిగి తీసికొనిపోవువారు ఎల్లప్పుడు నుందురు. అడుగువాడు పెద్దవాడైనపుడు గుమాస్తా కాదనలేడు.

"దాచుకొనునది లేనివానికి భయమేల?" అని మన పెద్దలు కొందఱు అడుగుచున్నారు. వారు పశువుల సంతకు పోయి యెన్నాళ్ళయినదో! దక్షిణదేశపు సంతలలో ఎద్దును బేరమాడు ఇద్దఱును ఒక తుండుగుడ్డ క్రింద చేతులు దూర్చి, వ్రేళ్ళు పట్టి ధర చెప్పుకొనుట మనమెల్ల చూచినదే. ఆ ఇద్దఱును దొంగలా? ఎద్దు దొంగసొత్తా? అది నలుగురి యెదుటనే కట్టబడియున్నది. బేరము కుదురువఱకు తన మాట తనయొద్ద నుంచుకొనుట గృహస్థుని హక్కని ఆ గుడ్డ చెప్పుచున్నది. కంబళత్తువారి యిండ్లలో పశువులు సంపదయై, గౌరవమై వెలసిన కాలము నుండి మనకు ఈ మర్యాద తెలియును. ఆ గుడ్డ తీసివేయుమని సంతలో ఏ అధికారియు ఆజ్ఞాపింపలేదు.

మఱియొక సంగతి. మధుర నుండి బోడికి రైలు 2023 జూనులో మరల వచ్చినది. ఆ రైలులో వచ్చువారు ఉసిలంపట్టిని దాటి వత్తురు. ఆ ప్రాంతముననే పెరుంగామనల్లూరు కలదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టము క్రింద పిఱమలై కళ్ళరులను ప్రతివానిని వ్రేలిముద్ర వేయింపుమని దొరతనమువారు నిర్బంధింపగా, ఆ గ్రామస్థులు మేము వేయమనిరి. 1920 ఏప్రిల్ 3వ తేదీన పోలీసులు కాల్పులు జరిపిరి. పదిమందికి పైగా మరణించిరి. వారిలో ఒక స్త్రీయు కలదు. ముద్ర వేసినవారి గతి యేమి? రాత్రి కాగానే మగవారు ఇల్లాలిని బిడ్డలను విడిచి పోలీసుఠాణాకు పోయి, అచ్చటనే పండుకొని, తెల్లవాఱినపిదప రావలసియుండెను. తమిళులు దానిని రేఖచట్టమనియే పిలిచిరి. చెన్నరాష్ట్రమున అది 1947లో రద్దయినది. నేడు రేషను అంగడిలో పెట్టు వ్రేలిముద్రకును ఆనాటి ముద్రకును భేదము లేదని మేమనము; ఇది బియ్యము కొఱకు, అది చెఱ కొఱకు. కాని దాచుకొనునది లేదను పెద్దలు ఒకమాఱు ఉసిలంపట్టిలో దిగి, అచ్చటి ముసలివారితో ఆ మాట చెప్పి చూడవలెను.

అన్నిటికిని నియమములు కలవు, పైయధికారి అనుమతి లేనిదే ఎవరును వినలేరు గదా యని చదువుకొనినవారి వాదము. నిజమే. 1885 నాటి టెలిగ్రాఫు చట్టములో నియమము కలదు. 1996లో సుప్రీముకోర్టు దానికి కట్టుబాట్లు కల్పించినది. ఆ చట్టమునకు బదులుగా 2023లో టెలికమ్యూనికేషనుల చట్టమును చేసిరి. అయినను అనుమతి నిచ్చువారు కార్యదర్శులే, అది సరియైనదా యని పరిశీలించువారును కార్యదర్శులే. నడుమ న్యాయాధిపతి లేడు. ఇక గుమాస్తా లెక్క వినుడు. కేంద్రప్రభుత్వము నెలకు 7,500 మొదలు 9,000 వఱకు ఇట్టి ఉత్తరువు లిచ్చుచున్నదని సమాచారహక్కు ద్వారా వచ్చిన జవాబునుబట్టి 2014లో వెల్లడియైనది. పరిశీలక సంఘము రెండు నెలలకొకసారి కూడును. అనగా ఒక్కొక్క సమావేశమున 15,000 మొదలు 18,000 వఱకు కాగితములు. ఇది అసాధ్యమైన పని యని 2018లో శ్రీకృష్ణ సంఘమువారును వ్రాసిరి. ఎనిమిది గంటలు కుర్చీ వదలక కూర్చుండినను ఒక్కొక్క కాగితమునకు రెండు సెకండ్లయినను దక్కవు. ఆ వ్యవధిలో మేము రబ్బరుముద్ర వేయగలము; సిరాదిమ్మెపై అద్దుటకు కూడ సరిగా చాలదు. చదువుట యన్న మాటే లేదు.

ఈ విషయమున తెలుగువారు తలయెత్తుకొని చెప్పుకొనదగినదొకటి కలదు. మన పిల్లలకు దానిని ఎవరును చెప్పుట లేదు. ఉత్తరప్రదేశమున ఖడక్ సింగు అను నతనిపై దోపిడీకేసు పెట్టి, సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. విడిచియు విడువక, అతని పేర ఒక దస్త్రము తెఱచి, పోలీసులు రాత్రివేళల తలుపు తట్టుచు, రాకపోకలను కనిపెట్టుచుండిరి. 1962 డిసెంబరులో సుప్రీముకోర్టువారు రాత్రి తలుపు తట్టుట మాత్రము తప్పని, తక్కిన నిఘా తప్పు కాదని తీర్పు చెప్పిరి. రాజమహేంద్రవరమున పుట్టిన కోకా సుబ్బారావు గారు దానితో ఏకీభవింపలేదు. షా గారు వారితో కలిసిరి. వెన్నంటి చూచు కన్ను ఉన్నపుడు నడచువాడు స్వేచ్ఛగా నడచుచున్నట్లు కాదని, వ్యక్తిస్వేచ్ఛలో ఏకాంతము చేరియున్నదని ఆయన పట్టుపట్టిరి. ఆనాడు ఆయనది ఓడిన పక్షము. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి గారి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆయన మాటనే నిలిపిరి. అప్పటికి సుమారు ఏబదియైదేండ్లు గడచినవి. తరువాత 2021 అక్టోబరులో పెగాసస్ విషయమున, దేశభద్రత యను మాట పలికినంతమాత్రమున ప్రభుత్వము తప్పించుకొనజాలదని చెప్పిన ధర్మాసనమునకు అధ్యక్షుడును మన కృష్ణాజిల్లావాడైన నూతలపాటి వెంకటరమణ గారే. ఆ విచారణసంఘమునకు ప్రభుత్వము సహకరింపలేదని 2022లో కోర్టులోనే వెల్లడించిరి. అది వేఱు కథ.

ఇక మా బృందపు పెద్దల అసలు వాదమునకు వత్తము. మనము ఈ దేశమున కొలదిమందిమి. లిపి పోయి మాట మాత్రము మిగిలినవారము. బృందములోని తెలుగును కూడ తమిళాక్షరములతో వ్రాసికొనువారము. మనకేల ఈ తగవులని వారు చెప్పుదురు. మేము తిరుగబడి అడుగుచున్నాము: ఎక్కువమంది యున్నచోట తెలుగువారికి క్షేమము కలిగినదా? విశాఖపట్టణమున ఎల్.జి. పాలిమర్స్ విషవాయువు ప్రమాదమును గూర్చి ఫేస్‌బుక్కులో వ్రాసినందుకు 2020 మేలో గుంటూరులో అరువదియేండ్లు దాటిన ఒక స్త్రీపై సి.ఐ.డి.వారు కేసు పెట్టిరి. 2024లో పాలకులు మాఱిరి. అంతట ఇంటర్నెట్టులో వ్రాతలకై కేసులకెక్కువారును మాఱిరి. ఆ చెంప నున్నవారు ఈ చెంపకు వచ్చిరి. వ్రాతలకై జైలులో పెట్టుటకు వీలిచ్చిన 66-ఎ సెక్షనును 2015లోనే సుప్రీముకోర్టు కొట్టివేసినది గదా యందురేమో. తాళము తీసివేసినను తలుపునకు గడియలు చాలనున్నవి.

వారి సంగతి మనకు తెలియుట మాత్రము తగ్గుచున్నది. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచారరక్షణ చట్టమున, తన శాఖలను ప్రకటన ద్వారా మినహాయించుకొను అధికారమును కేంద్రప్రభుత్వము తనయొద్దనే ఉంచుకొనినది. ఆ చట్టముననే సమాచారహక్కు చట్టపు 8(1)(జె) సెక్షనును సవరించి, వ్యక్తిగత సమాచారమైనను ప్రజాప్రయోజనముకొఱకు బయటపెట్టవచ్చునను మాటను అచ్చటినుండి తీసివేసిరి. 8(2)లో ఆ మాట మిగిలియున్నదని సమాధానము. మిగిలియున్నదేమో, గుమాస్తా ఏ సెక్షను చూపి దరఖాస్తును త్రిప్పిపంపునో మాకు తెలియును.

ఒక నేరమును మేము ఒప్పుకొనవలెను. టీ అంగడిలో అబద్ధమాడినవాని ముఖము మఱునాడును అదే బల్లపై కనబడును, "నిన్న ఏమంటివిరా?" యని అడుగవచ్చును. ఫోనులో వచ్చు అబద్ధమునకు ముఖము లేదు, ఊరు లేదు. పిల్లలనెత్తుకొనిపోవువారను వదంతులతో అమాయకులను కొట్టి చంపినందున 2018లో వాట్సాపువారు ఒక వార్తను అయిదింటికి మించి పంపుటకు వీలులేకుండ చేసిరి. మన బృందములలోను చెత్త వచ్చుచుండెను. మేమే ఒకమాఱు నమ్మి పంపి, క్షమాపణ వేడితిమి. దానికి మందు, చెప్పువాడు తన పేర చెప్పుట, విన్నవాడు ఎదురడుగుట. నోరు కట్టివేసినచో అబద్ధము మానదు. ఎదురడుగువాడు మాత్రము మానును.

మాటలాడిన ఏమగునని అడుగువారికి ఇటీవలి సంగతి యొకటి. 2025 నవంబరు చివర, క్రొత్త ఫోన్లన్నిటను సంచార్ సాథీ యను ప్రభుత్వపు ఆప్‌ను ముందుగనే చేర్చి యమ్మవలెనని కేంద్రప్రభుత్వము ఉత్పత్తిదారులను ఆదేశించినది. దొంగిలించిన ఫోన్లను పట్టుటకు అది యుపయోగపడును, మేము కాదనము. కాని అడుగక మన యింటిలో నిలుపుటేమని పార్లమెంటులోను, పత్రికలలోను, టీ అంగళ్ళలోను, రైళ్ళలోను జనులు గొణగిరి. డిసెంబరు 3న ఆ నిర్బంధమును ఉపసంహరించుకొనిరి. జనులు దానిని ఇష్టపడి చేర్చుకొనుచున్నారు గనుక నిర్బంధము అక్కఱలేదని కారణము చెప్పిరి. ఏ కారణమైన నేమి, వారము తిరుగకముందే పోయినది. మా బృందములో మాత్రము ఆ వారమంతయు జన్మదిన శుభాకాంక్షలే.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఆ మొదటి నియమమును తీసివేసి, దాని స్థానమున "వ్రాయువారు తమ పేర వ్రాయవలెను, విన్నదైనచో ఎచ్చట విన్నారో చెప్పవలెను" అని చేర్చవలెనని మేము తీర్మానము పంపియున్నాము. దానిని బలపఱచుటకు ఒక సభ్యుని సంతకము కావలెను. మువ్వురనడిగితిమి. ఇద్దఱు ఆలోచించి చెప్పెదమనిరి. మూడవవాడు ఆ యువకుడే. కాగితము చదివి, ఫోనును ప్రక్కగదిలో పెట్టి వచ్చి, సంతకము చేసెను.