కేటాయింపు ఉంది, పూచీ లేదు

సింగూరు నీళ్ల మాట ఎత్తితే అధికారులు ముందుగా టీఎంసీల లెక్క చెబుతారు. మేమూ అక్కడి నుంచే మొదలుపెడతాం. జలాశయం పూర్తి నిల్వ 29.91 టీఎంసీలు. పుల్కల్, అందోల్ వైపు కాలువల కింద ఉన్న సొంత ఆయకట్టు 40 వేల ఎకరాలు, దానికి కేటాయింపు 2 టీఎంసీలు. దిగువన ఘనపూర్ ఆనకట్టకు 4.06, నిజాంసాగర్‌కు 8.35. మిగిలిన దాంట్లో హైదరాబాద్ తాగునీరు, ఆవిరయ్యే నీరు ఉన్నాయి. కాగితం మీద అందరికీ చోటుంది. నీళ్లు తక్కువైన ఏడాదే అసలు గొడవ మొదలవుతుంది. అప్పుడు కోత ఎవరి వాటాలో పడుతుందో పుల్కల్‌లో ఏ రైతును అడిగినా చెబుతాడు.

మంజీరా ఎప్పుడూ నిండుగా పారే నది కాదు. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూర్, బీదర్ మెట్ట ప్రాంతాలను దాటి, అక్కడ వాడుకోగా మిగిలింది మనకు తెస్తుంది. 2016 ఏప్రిల్‌లో లాతూర్ పట్టణానికి మిరజ్ నుంచి రైల్లో నీళ్లు మోసిన సంగతి మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అదీ మంజీరాను నమ్ముకున్న పట్టణమే. ఆ కరువులో సింగూరూ అడుగంటింది. నగరానికి కృష్ణా, గోదావరి పైపులైన్లు ఆసరా అయ్యాయి. సింగూరు కింది మడికి అలా రెండో దారి లేదు. బోరు వేయాలి, అప్పు చేయాలి, నీళ్లు పడకపోతే పశువులను అమ్ముకోవాలి.

మనుషుల దాహం ముందు, పంట తర్వాత అన్నదానితో మాకు పేచీ లేదు. మన ఊళ్ల నుంచి బతుకుదెరువుకు పోయిన పిల్లలే ఆ నగరంలో సగం బస్తీల్లో ఉన్నారు. కానీ తాగునీటి పేరు చెప్పి తరలించే నీరంతా కుండల్లోకే పోవడం లేదు. జలమండలి పైపుల మీద పరిశ్రమలకూ కనెక్షన్లున్నాయి. కంపెనీకి మీటరుంది, ఒప్పందముంది, బిల్లు రసీదు ఉంది. నీళ్లు ఆగితే అడగడానికి చేతిలో కాగితముంది. ఆయకట్టు రైతు చేతిలో ఏముంది? సీజన్ ముంగిట పేపర్లో వచ్చే ప్రకటన. తైబందీ ఖరారైందన్న కబురు వచ్చేదాకా నారు పోయాలో వద్దో తెలియదు. పోస్తే నీళ్లు రాకపోవచ్చు, పోయకపోతే నీళ్లు వచ్చినా పంట ఉండదు. ఈ జూదం ఆడేవాళ్లలో కౌలుదారులే ఎక్కువ నష్టపోతారు. భూమి యజమానికి ఇవ్వాల్సిన కౌలు ముందే మాట్లాడుకున్నదాయె.

ఆనకట్ట కట్టిన పాతికేళ్లు దాటాక గానీ ఈ కాలువల్లో నీళ్లు పారలేదని గుర్తుచేయాలి. భూములు ముంపుకిచ్చిన ప్రాంతం కట్ట మీద నిలబడి, నీళ్లు పైపుల్లో పోతుంటే చూస్తూ ఉండిపోయింది. కాలువలు తవ్వించుకోవడానికే ఒక తరం ఖర్చయింది. ఆ తవ్విన కాలువ చివరి భూమికి నీరు చేరేలా చూసే సంఘాలూ లేవు. 1997 చట్టం నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టింది. తెలంగాణ వచ్చాక ఒక్కసారి కూడా ఆ ఎన్నికలు జరగలేదు. తూము దగ్గర రైతు తరఫున మాట్లాడేవాడు లేకుండా తైబందీ ఎవరి కోసం ఖరారు చేస్తున్నారు?

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. సింగూరు మట్టికట్ట దెబ్బతిన్నదని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు 2025లో హెచ్చరించారు. మరమ్మతు జరగాల్సిందే. కట్ట తెగితే ముందు కొట్టుకుపోయేది మన ఊళ్లే. కానీ మరమ్మతు చేయాలంటే నీటిమట్టం దించాలి. నగరానికి ఆ కాలంలో ప్రత్యామ్నాయం చూస్తారు, చూడాలి కూడా. ఆయకట్టుకు మాత్రం పంట విరామం అంటారు. ఎంత మెత్తటి మాట! అప్పు వడ్డీకి విరామం ఉండదు, పిల్లల ఫీజుకు విరామం ఉండదు. విరామం తీసుకోమన్నవాళ్లే ఎకరాకు ఇంత అని నష్టం కట్టివ్వాలన్నది మా వాదన. ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన కోరిక అనుకునేవాళ్లు పక్కనే ఉన్న పటాన్‌చెరు చరిత్ర చూడాలి. సింగూరు నుంచి, కలబ్‌గూర్ దగ్గర 1965లో కట్టిన మంజీరా బ్యారేజీ నుంచి మంచినీళ్లు నగరం వైపు పోతే, ఆ దిగువన నక్కవాగు పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల మురికిని మోసుకొచ్చి అదే మంజీరాలో కలిపింది. వాగు పొడవునా మడులు చెడిపోయాయి, బావుల్లో నీరు రంగు మారింది, ఆ నీళ్లు తాగిన పశువులు చచ్చిపోయాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. పంట నష్టం లెక్కకట్టే పనిని కోర్టు మెదక్ జిల్లా జడ్జికి అప్పగించింది. పరిహారం ముందు ప్రభుత్వం చెల్లించి తర్వాత కంపెనీల నుంచి రాబట్టుకోవాలన్నది. అందిన డబ్బు పోయిన దానికి ఏమూలకూ చాలలేదు, అది వేరే సంగతి. కానీ నీళ్లు చెడగొడితే రైతుకు బాకీ పడతారన్న సూత్రం అక్కడ స్థిరపడింది. చెడిన నీళ్లకు బాకీ ఉన్నప్పుడు, రాని నీళ్లకు ఎందుకు ఉండకూడదు?

ఆ కథ అంతటితో ముగియలేదు. పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే శుద్ధి చేసిన నీళ్లనే పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మాత్రలు మింగే రోగి రక్తంలో ఉండే మందు కంటే అది ఎక్కువ. ప్రపంచమంతా నివ్వెరపోయింది. మన దగ్గర కనిపెట్టిన పరిష్కారం ఏమిటంటే, 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ నీటిని అంబర్‌పేటకు పంపడం. అంటే మంజీరా రైతు గోసను మూసీ రైతుకు బదిలీ చేశారు. నల్లగొండ వైపు మూసీ కింద వరి వేసే రైతుకు ఈ సంగతి ఎవరైనా చెప్పి అనుమతి తీసుకున్నారా? శుద్ధి నిజంగా జరిగితే ఆ నీటిని కంపెనీలే మళ్లీ వాడుకోవచ్చు. మంజీరా నీళ్లు వాళ్లకు అంతమేరకు తగ్గించవచ్చు. ఈ చిన్న లెక్కను ఏ పరిశ్రమల సదస్సులోనూ ఎవరూ వేయరు.

ఇక ఎత్తిపోతలు. 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర పథకాలకు శంకుస్థాపన జరిగింది. సింగూరు నుంచి 20 టీఎంసీలు ఎత్తి 3.84 లక్షల ఎకరాలు తడుపుతామన్నారు. జహీరాబాద్, నారాయణఖేడ్ మెట్ట రైతు కంటే నీళ్లు ఎక్కువ అవసరమైనవాడు ఈ జిల్లాలో లేడు. ఆ పథకాలను మేము సమర్థిస్తాం. అయితే అందులో పోయాల్సిన నీళ్లు గోదావరి నుంచి మల్లన్నసాగర్ మీదుగా రావాలి. అవి రాకముందే పంపులు తిరిగితే, నారాయణఖేడ్ రైతును పుల్కల్ రైతు మీదికి, పుల్కల్ రైతును ఘనపూర్ రైతు మీదికి ఉసిగొల్పినట్టే అవుతుంది. 40 వేల ఎకరాలకే పూచీ ఇవ్వలేని చోట దానికి పది రెట్ల దాకా ఆయకట్టు చూపించడం సులువు, ఎందుకంటే చూపించిన ఆయకట్టుకు నీళ్లివ్వకపోతే అడిగే చట్టం లేదు.

అందుకే మా సంఘం అడుగుతున్నది కొత్త ప్రాజెక్టు కాదు. వానాకాలం, యాసంగి రెండింటికీ నారు పోసే రోజుల కంటే ముందే తైబందీ రాతపూర్వకంగా ప్రకటించాలి. ఏ తూము కింద ఎన్ని తడులో, నిల్వ ఎంతకు పడిపోతే ఎవరి వాటాలో ఎంత కోతో అందులో ఉండాలి. కోతలో పరిశ్రమల వంతు మొదట రావాలి. పంట విరామం ప్రకటిస్తే పరిహారం ఉత్తర్వు అదే రోజు, కౌలుదారు పేరుతో సహా రావాలి. నక్కవాగు నీటి పరీక్షల ఫలితాలు వాగు వెంట ఉన్న ప్రతి పంచాయతీ గోడ మీద తెలుగులో అతికించాలి.

జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశం జరిగే ముందు ఆయకట్టు గ్రామాలన్నీ ఈ కోరికలతో తీర్మానాలు చేసి కలెక్టరేట్‌లో ఇచ్చి, ముద్ర వేయించుకుని నకలు దగ్గర పెట్టుకోవాలి. తీర్మానం నమూనా మండల కమిటీల దగ్గర దొరుకుతుంది.