ఒకే ఊరి స్కూటర్లు, వేర్వేరు ప్లగ్గులు

విద్యుత్ వాహనాల కోసం దేశంలో అందరికంటే ముందు, 2017లోనే, ఒక విధానం ప్రకటించిన రాష్ట్రం కర్ణాటక. ఏథర్, ఓలా ఎలక్ట్రిక్ రెండూ బెంగళూరు కంపెనీలే. అయినా ఒకరి స్కూటర్‌ను రెండోవారి ఫాస్ట్ ఛార్జర్ దగ్గరికి తీసుకెళ్తే ప్లగ్గు పట్టదు. ఏథర్ తన కనెక్టర్‌ను ఇతర కంపెనీలూ వాడుకోవచ్చని 2021లో ప్రకటించింది. ఏసీ, డీసీ రెండూ ఒకే ప్లగ్గులో ఇమిడే ఆ నమూనాను 2023లో భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ తేలికపాటి వాహనాలకు ప్రమాణంగా ఆమోదించింది. హీరో మోటోకార్ప్ తన విడా స్కూటర్లకు దాన్నే తీసుకుంది. ఓలా మాత్రం తన హైపర్‌ఛార్జర్ల దారిన తాను వెళ్లింది. ఇష్టమైనవాళ్లు పాటించే ప్రమాణంతో కొనుగోలుదారుకు ఒరిగేది తక్కువ. కొత్తగా వచ్చే ప్రతి విద్యుత్ స్కూటర్‌కూ ఒకే కనెక్టర్ ఉండాలని ప్రభుత్వం చట్టబద్ధంగా ఆదేశించాలి.

కంపెనీలే మాట్లాడుకుని ఒక దారికొస్తాయి కదా అనేవారు యూరప్ ఫోన్ల చరిత్ర చూడాలి. 2009లో యాపిల్ సహా పలు కంపెనీలు మైక్రో యూఎస్‌బీకి ఒప్పుకుని సంతకాలు చేశాయి. అడాప్టర్ ఇస్తే చాలన్న వెసులుబాటు ఆ ఒప్పందంలోనే ఉంది. 2012లో యాపిల్ తన లైట్నింగ్ పోర్టు తెచ్చి, దాన్నే పట్టుకు కూర్చుంది. చివరికి 2022 అక్టోబరు 4న యూరోపియన్ పార్లమెంటు 602 ఓట్లతో యూఎస్‌బీ టైప్-సిని తప్పనిసరి చేసింది. వ్యతిరేకించినవారు 13 మంది. గడువు 2024 డిసెంబరు 28 అయితే, 2023 సెప్టెంబరులోనే ఐఫోన్ 15 టైప్-సితో వచ్చేసింది. అదీ యూరప్‌కే కాదు, మనకు కూడా. పదమూడేళ్లు బతిమాలినా కాని పని ఒక్క చట్టంతో ఏడాదిలో అయింది.

తొందరపడి ఒక ప్లగ్గును శాసిస్తే సాంకేతికత అక్కడే ఆగిపోతుందన్న అభ్యంతరం మాత్రం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. మన దగ్గరే అలాంటి అనుభవం ఉంది. ప్రతి పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్‌లో సీసీఎస్, ఛాడెమో, టైప్-2, భారత్ డీసీ-001, భారత్ ఏసీ-001 రకాల ఛార్జర్లన్నీ ఉండాలని 2018 డిసెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఛాడెమో కారు మన రోడ్ల మీద వెతికినా దొరకని రోజులవి. ఏడాది తిరగకుండానే, 2019 అక్టోబరులో, ఏ ఛార్జర్ పెట్టాలో స్టేషన్ యజమానికే వదిలేశారు. అప్పుడు జరిగిన పొరపాటు ఆదేశించడం కాదు, బరువును తప్పు చోట మోపడం. వాహనాలకు రకరకాల ప్లగ్గులను అనుమతించి, వాటన్నిటినీ భరించే ఖర్చు స్టేషన్ పెట్టినవాడి నెత్తిన వేశారు. యూరప్ నియమం పరికరానికి ఉండే పోర్టునే నిర్దేశించింది. మెరుగైన పద్ధతి వస్తే దాన్ని మార్చుకునే అధికారం యూరోపియన్ కమిషన్‌కు ఇచ్చింది. మనమూ అలాంటి సమీక్ష నిబంధన పెట్టుకోవచ్చు.

కార్లు ఏ చట్టమూ లేకుండానే సీసీఎస్-2 వైపు వచ్చాయిగా, స్కూటర్లూ వస్తాయని ఇంకో మాట. కార్లకు అప్పటికే స్థిరపడిన అంతర్జాతీయ ప్రమాణం ఉంది. స్కూటర్ల విషయం వేరు. ఇక్కడ బండి అమ్మేవారే ఛార్జర్లూ నడుపుతున్నారు. తమ బండికే పట్టే ఛార్జర్లు ఎక్కువుండటం వాళ్లకు అమ్మకాల బలం, దాన్ని చేజేతులా ఎవరు వదులుకుంటారు? అడాప్టర్ కూడా పరిష్కారం కాదు. ఫాస్ట్ ఛార్జింగ్‌లో బండికీ ఛార్జర్‌కూ మధ్య సమాచారం నడవాలి. ఆ భాషలు వేరైతే ప్లగ్గు ఆకారం ఒక్కటీ కుదిరి ఏం లాభం?

ఎక్కువమంది ఇంట్లోనే ఛార్జ్ చేసుకుంటారన్నది సొంత పార్కింగ్ ఉన్నవారి లెక్క. బెంగళూరులోని మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే మన పిల్లలకు, రోజంతా బండి మీదే తిరిగే డెలివరీ కుర్రాళ్లకు ఆ ప్లగ్ పాయింటు ఎక్కడిది? సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని హిందూపురం వెళ్లాలన్నా దారిలో తమ కంపెనీ ఛార్జరే వెతుక్కోవాలి. పాత బండ్లను వదిలేసి, కొత్త మోడళ్లకు యూరప్ ఇచ్చినట్టే రెండేళ్ల గడువిస్తే ఫ్యాక్టరీలకూ ఊపిరాడుతుంది.

2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ స్టేషన్లకు రూ. 2,000 కోట్లు కేటాయించారు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకే 48,400 ఫాస్ట్ ఛార్జర్లు పెట్టించాలన్నది లక్ష్యం. ఆ డబ్బు ప్రజలది. ఆ ఛార్జర్ల కేబుల్ చివర ఏ ప్లగ్గు ఉండాలో, అది ఏయే బండ్లకు పట్టాలో కేంద్రం ముందే తేల్చాలి. బెంగళూరులో విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కాం కూడా ప్రభుత్వ స్థలాల్లో ఛార్జర్లకు చోటిచ్చేటప్పుడు బీఐఎస్ ప్రమాణాన్ని షరతుగా పెట్టాలి.