పొలమారితే తలచుకున్నదెవరు?

భోజనాల దగ్గర ఎవరికైనా పొలమారితే "ఎవరో తలచుకుంటున్నారు" అంటూ నడినెత్తిన తట్టడం మన ఇళ్ళలో ఆచారం. మనవారు ఆంధ్రదేశం విడిచి తరాలు గడిచినా ఈ మాట మాత్రం మనవెంటే వచ్చింది. దూరాన ఉన్న అమ్మమ్మో, అత్తింట ఉన్న ఆడపడుచో జ్ఞాపకానికి వచ్చే ఆ క్షణం తీయనిదే. దానిని కాదనడం మా ఉద్దేశం కాదు. అయితే ఆ సమయంలో గొంతులో నిజంగా ఏమి జరుగుతుందో ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం అవసరం. ఒక్కొక్కప్పుడు ప్రాణమే దానిమీద ఆధారపడి ఉంటుంది.

మన శరీరం చేసే పనులలో కొన్ని మన అనుమతి కోరవు. కాలే పెనం వేలికి తగిలితే ముందు చెయ్యి వెనక్కు వస్తుంది, "అబ్బా" అనడం తరువాత. ఆ వార్త వెన్నుపాముకు చేరగానే అక్కడినుంచే కండరాలకు ఆజ్ఞ వెళుతుంది. మెదడుకు సంగతి తెలిసి నొప్పి అనిపించేలోగా పని అయిపోతుంది. కంట్లో నలుసు పడబోతే రెప్ప వాలడమూ ఇటువంటిదే. వీటిని అసంకల్పిత ప్రతీకార చర్యలు అంటారు.

పట్టుదలతో వీటిని ఆపగలమా? చార్లెస్ డార్విన్ ఈ పరీక్ష తనమీదనే చేసుకున్నాడు. లండను జంతుప్రదర్శనశాలలో విషసర్పం ఉన్న అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి, అది కాటువేయవచ్చినా కదలకూడదని నిశ్చయించుకున్నాడు. పాము అద్దంమీద కొట్టిందో లేదో, ఆయన ఒకటి రెండు గజాలు వెనక్కు గెంతాడు. 1872లో అచ్చయిన తన గ్రంథంలో ఈ సంగతి ఆయనే వ్రాసుకున్నాడు. అద్దం అడ్డున్నదని బుద్ధికి తెలుసు, కాని శరీరం బుద్ధిని సంప్రదించలేదు. ఆలోచించే వ్యవధి లేని అపాయాలకు ప్రకృతి పెట్టిన కాపలా ఇది. పదిసార్లు ఊరికే గెంతినా నష్టం లేదు, ఒక్కసారి ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

ఇటువంటి కాపలా ఎంతో అవసరమైన చోటు గొంతు. గాలి పోయే దారీ, అన్నం పోయే దారీ అక్కడ కలుసుకుంటాయి. ముద్దను నాలుకతో వెనక్కు నెట్టేవరకే మన ఇష్టం. ఆపైన శ్వాస క్షణంపాటు ఆగుతుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, ఉపజిహ్విక అనే చిన్న మూత దానిమీద వాలుతుంది, ముద్ద వెనుకనున్న అన్ననాళంలోకి జారుతుంది. తింటూ నవ్వినా, మాట్లాడినా ఈ వరుస తప్పి ఒక మెతుకు గాలిదారిన పడబోతుంది. వెంటనే దగ్గు వచ్చి దానిని బయటకు తరుముతుంది. పొలమారడమంటే ఇదే.

కనుక దగ్గుతున్నవారిని దగ్గనివ్వాలి. నెత్తిన తట్టినందువల్ల మెతుకు కదలదు. దగ్గు తగ్గకముందే నీళ్ళు తాగమని తొందరపెట్టరాదు. దగ్గలేక, మాట రాక ఉక్కిరిబిక్కిరి అవుతుంటే మాత్రం ఆలస్యం చేయరాదు. మనిషిని ముందుకు వంచి, రెండు రెక్కల నడుమ అరచేతితో 5 సార్లు గట్టిగా చరచాలి. అప్పటికీ రాకపోతే వెనుకనుంచి పట్టుకొని, బొడ్డుకు పైన పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. ఈ పద్ధతిని 1974లో అమెరికా వైద్యుడు హెన్రీ హైమ్లిక్ ప్రకటించాడు. గర్భిణులకు, ఏడాది నిండని శిశువులకు పొట్ట నొక్కరాదు. శిశువును తల క్రిందికి ఉండేలా ముంజేతిమీద బోర్లా పడుకోబెట్టి వీపు చరచాలి. ఈలోగా మరొకరు 108కి గాని 112కి గాని ఫోను చేయాలి.

ఈ కాపలాకు మనమే అడ్డు తగిలే సందర్భాలు మూడున్నాయి. మొదటిది, ఏడ్చే బిడ్డ ముక్కు మూసి ఆముదమో మందో పోయడం. మనం ఉగ్గుగిన్నె అన్నా, తమిళులు పాలాడై అన్నా, దానితో బలవంతంగా పోస్తే ప్రమాదం ఒకటే. ఊపిరాడని బిడ్డ నోటితో గాలి పీలుస్తుంది, గాలితోపాటు నూనె ఊపిరితిత్తులకు చేరి నిమోనియా తెస్తుంది. రెండవది, మూర్ఛ వచ్చినవారి నోట, స్పృహ లేనివారి నోట నీళ్ళు పోయడం. వారికి మింగడమూ రాదు, దగ్గడమూ రాదు. అటువంటివారిని ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టాలి. మూడవది, పక్షవాతం వచ్చిన పెద్దలకు ఆదరంకొద్దీ కాఫీ పట్టడం. మింగగలరని వైద్యుడు పరీక్షించి చెప్పేవరకు వారి నోట ఏమీ పోయరాదు.

ఇంట్లో తాతగారికో, నాయనమ్మకో నీళ్ళు తాగినప్పుడల్లా పొలమారుతున్నా, తాగిన తరువాత గొంతు తడిగా గురగురమన్నా, వయసు మీద పడిందని ఊరుకోవద్దు. దగ్గుమందు కొని ఆ దగ్గును అణచవద్దు. డాక్టరుకు చూపించండి. వారిని నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న గుక్కలుగా తాగించండి.