మా వార్డు సభ్యురాలి వారము – మన కర్తవ్యము

పట్టణ పరిపాలన మనగా ఒక పెద్ద మేడయు, దాని ముందొక జెండాయు, లోపల కట్టలు కట్టిన దస్త్రములును అని తలంచువారు పలువురు గలరు. మా దృష్టిలో అది వీథికొళాయి యొద్దనే మొదలగుచున్నది. కొళాయిలో నీరు రాని దినమున మన తల్లులకు మొదట జ్ఞప్తికి వచ్చువారు మంత్రులు గారు, వార్డు సభ్యులే. అట్టి సభ్యుల దినము లెట్లు గడచునో స్వయముగా చూడవలెనని మా పత్రికా సంఘమునకు కోరిక కలిగినది. గడచిన వేసవి సెలవుల చివరి వారమున మా వీథుల ప్రతినిధియగు సభ్యురాలి నడుగగా, "రండి, నా యెంట తిరగండి. కాళ్లు నొప్పులంటే మాత్రం నన్ననకండి" అని నవ్వుచు సమ్మతించిరి. మేము నలుగురము ఏడు దినము లామె వెంట తిరిగితిమి. అప్పుడు చూచినదియు, చూచిన పిదప మాకు తోచినదియు పాఠకులకు నివేదించుచున్నాము.

మా హోసూరు 2019లో నగరపాలక సంస్థ యైనది. ఇందు 45 వార్డులు గలవు. తమిళనాడు స్థానిక సంస్థలయందు సగము స్థానములను స్త్రీలకు ప్రత్యేకించుచు 2016లో శాసనము చేయబడినది. మా సభ్యురా లట్టి స్థానమునుండియే ఎన్నికైరి. ఆమెను తెలుగువారును, తమిళులును, కన్నడిగులును "అక్కా" యనియే పిలుతురు. మూడు భాషలకును ఆ మాట యొక్కటియే యగుట మా యూరి భాగ్యము.

సోమవారము జిల్లా కలెక్టరు కచ్చేరిలో అర్జీల దినము. తెల్లవారకమునుపే ఆమె ఒక ముదుసలి అవ్వను వెంటబెట్టుకొని బస్సెక్కిరి. కృష్ణగిరి ఇచటికి సుమారు 50 కిలోమీటర్లు. అవ్వ చేతిలో వృద్ధాప్యపు పింఛను అర్జీ యున్నది. మనుమడు దానిని చక్కని తెలుగులో వ్రాసి యిచ్చెనట. అంతకుముందు ఒక కార్యాలయమున దానిని చదువక, తమిళములో వ్రాయించుకొని రమ్మని త్రిప్పి పంపిరట. సభ్యురాలు కదలుచున్న బస్సులోనే మోకాలిపై కాగితము పెట్టుకొని అర్జీని తమిళమున వ్రాసి, తెలుగు కాగితమును దాని క్రింద జతపరచిరి.

"రెండెందుకక్కా?" అని మే మడిగితిమి.

"ఒకటి పని జరగడానికి. ఇంకొకటి మన హక్కు మరచిపోకుండా ఉండడానికి" అని ఆమె బదులు చెప్పిరి.

ఆ హక్కు కల్పితము కాదు. తన కష్టమును తీర్పుమని కోరు అర్జీని దేశమునగాని రాష్ట్రమునగాని వాడుకలో నున్న ఏ భాషయందైనను అధికారులకు సమర్పింపవచ్చునని మన రాజ్యాంగము 350వ అధికరణమున చెప్పుచున్నది. కాని అవ్వకు కావలసినది ఈ నెల పింఛను. హక్కును గూర్చి వాదించుచు కూర్చున్నయెడల పొయ్యి వెలుగదు. పనియు కావలెను, హక్కును నిలువవలెను. ఈ రెంటిని కలిపి నడపుటయే అల్పసంఖ్యాక భాష మాటలాడువారి ప్రతినిధులకు గల కష్టము.

మంగళ, బుధవారములు నీటికిని, మురుగునకును సరిపోయినవి. రెండవ అడ్డవీథిలో కాలువ పూడి మురుగునీరు గడపలవరకు వచ్చెను. పారిశుద్ధ్య కార్మికులు పొడుగు కఱ్ఱల పారలతో పూడిక తీయుచుండగా మేము గట్టున నిలిచి, ప్రజలకు శుచి లేదని మాలో మేము విమర్శించుకొనుచుంటిమి. పూడికలో ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి చిప్పలు, వాడిన బంతిపూల దండలు వచ్చినవి. చివరకు ఒక నోటుపుస్తకపు అట్ట వచ్చెను. కార్మికుడు దానిని నీటితో కడిగి మాకు చూపి, "మీ బడి పేరే ఉంది చూడండి బాబూ" అనెను. ఆ తరువాత మేము విమర్శ మాని, బుట్టలు మోసితిమి.

శుక్రవారము వెలుగని దీపస్తంభములును, ఇరుగుపొరుగుల నడుమ ఒక ప్రహరీగోడ తగవును. ఆదివారము ఉదయమున ఒక పెండ్లి, మధ్యాహ్నమున ఒక చావు. అన్నిటికిని ఆమె పోయిరి. వీనిని విస్తరింప బనిలేదు. గురువారమును గూర్చి మాత్రము వివరముగా వ్రాయక తప్పదు.

ఆ దినమున ఆమె ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని తోడుగా కొని, మొదటి తరగతిలో పిల్లలను చేర్పింపుడని ఇంటింటికి తిరిగిరి. ఇది సభ్యుల పనియా యని కొందరికి సందేహము కలుగవచ్చును. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ వలన చేరిన పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంఘములకు అప్పగింపదగిన విషయములు 18 పేర్కొనబడినవి. నీరు, వీథిదీపములు, పారిశుద్ధ్యములతోపాటు సాంస్కృతిక, విద్యావిషయముల పెంపుదలయు అందున్నది. అల్పసంఖ్యాక భాషల బడులకు పిల్లల లెక్కయే ప్రాణము. తరగతిలో 10 మందిగాని, మొత్తము పాఠశాలలో 40 మందిగాని ఉన్నయెడల మాతృభాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము నిర్ణయించెను. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు రాష్ట్రములు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956 నాటి సవరణతో రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. శాసన మున్నను పిల్లలు లేనియెడల అడుగువారికి నోరు లేకపోవును.

ఆఱవ యింట ఒక తల్లి తలుపు తీసి మమ్ము ఆదరించి, మజ్జిగ యిచ్చెను. ఉపాధ్యాయుడు చెప్పినదంతయు వినెను. పిమ్మట నెమ్మదిగా, "అక్కా, నీ మనవరాలు ఏ బడిలో చదువుతా ఉంది?" అని యడిగెను.

ఎవరును పలుకలేదు. సభ్యురాలు మజ్జిగ గ్లాసు క్రింద నుంచిరి. "ఇంగ్లీషు బడిలోనే చదువుతా ఉందమ్మా. కొడుకూ కోడలూ నిర్ణయించినారు, నేను కాదనలేకపోయినాను. మా యింట్లో గెలవలేకనే మీ యింటికి వచ్చినాను" అనిరి.

"తెలుగు చదివితే ఫ్యాక్టరీలో పని ఇస్తారా అక్కా?"

ఉపాధ్యాయుడు ఇట్లు చెప్పెను: "తెలుగు ఒక్కటే చదివితే ఇవ్వరమ్మా. మా బడిలో తమిళమూ, ఇంగ్లీషూ చెబుతాము. తెలుగులో అర్థం చేసుకున్న పిల్ల తక్కిన రెండూ త్వరగా పట్టుకుంటుంది. అర్థం కాని భాషలో మొదలుపెట్టిన పిల్ల లెక్కలు కూడా బట్టీ పడుతుంది."

ఆ తల్లి ఆలోచించి చెప్పుదునని మమ్ము సాగనంపెను.

దారిలో మాలో ఒకడు సభ్యురాలిపై కొంత కినుక వహించెను. తాను చేయని దానిని పరుల కెట్లు చెప్పవచ్చునని అతని వాదము. మేము దానిని చాలసేపు చర్చించితిమి. తుదకు మాకు తోచిన దిది. ఆమె అబద్ధ మాడియుండవచ్చును, మాట మార్చియుండవచ్చును, రెండును చేయలేదు. తన లోపమును నడివాకిట ఒప్పుకొని తన పని తాను చేసిరి. అంతకంటె ముఖ్యముగా, ఆ ప్రశ్న ఆమె కొక్కరికే చెందినది కాదు. వేదికలపై తెలుగు గొప్పను చెప్పువారిలో ఎందరి పిల్లలు తెలుగు బడిలో నున్నారు? మాలోనే ఇరువురి తమ్ములు ఇంగ్లీషు బడికి పోవుచున్నారు. ప్రతినిధిని నిందించుట సులభము. ఆమె మన యింటి ప్రతిబింబమే.

శనివారము ఆమె మా చేత పని చేయించిరి. నీరు విడుచు వేళలను తెలుపు పలకను వీథి మొగను మూడు భాషలలో వ్రాయు డనిరి. ఏ ప్రాంతమున అల్పసంఖ్యాకుల భాష మాటలాడువారు నూటికి 15 మొదలు 20 వరకు ఉందురో, అచట ముఖ్య ప్రకటనలను వారి భాషలోను ప్రకటించుట మేలని 1956లో కేంద్ర ప్రభుత్వపు రక్షణల పత్రము సూచించెను. సూచన వచ్చి ఎంతకాలమైనను పలకపై అక్షరములు వాని యంతట అవి లేవవు గదా! తమిళము చకచక వ్రాసితిమి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వలన అది అందరికిని నిర్బంధ పాఠ్యమై క్రమముగా 10వ తరగతి వరకు వచ్చినది. దాని నేర్చుట మాకు లాభమే. తెలుగు వరుసలో మాత్రము 'విడుదల' యనుచోట ఒకడు తడబడెను. త్రోవను పోవు తాతగారు నిలిచి సరిదిద్దిరి. పొరుగు రాష్ట్రమున భాష బలహీనపడుట శాసనముల వలననే కాదు, ఇట్టి తడబాటుల వలనను అని మాకు తెలిసినది. పలక పూర్తి కాగానే, సోమవారమున కృష్ణగిరికి వచ్చిన అవ్వ మనుమడు దాని నామెకు చదివి వినిపించెను. "ఓహో, రేపు ఆరింటికా!" అని ఆమె బిందె సంగతి తలచుకొనుచు పోయెను.

వార్డు పని చిన్నదని తలంపరాదు. మా హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ 1917లో సేలము పురపాలక సంఘాధ్యక్షులైరి; మా తాలూకా ఆనాడు సేలము జిల్లాలోనిదే. టంగుటూరి ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమున పురపాలక సంఘాధ్యక్షత వహించిరి. మహాపురుషులును కొళాయిని, కాలువను పట్టించుకొనియే పెద్దవారైరి.

విద్యార్థులారా! మీ వీథిలో వ్రాయలేని పెద్దవా రెవరో తెలిసికొనుడు. వారి అర్జీని తమిళమునను, తెలుగునను తప్పులు లేక వ్రాసి యిండు. అట్లైన ప్రతినిధులకు బస్సులో మోకాలిపై వ్రాయు శ్రమ తప్పును. మీ పుస్తకపు టట్టలను కాలువలో వేయకుడు. తల్లిదండ్రులారా! సభ్యులను కొళాయిని గూర్చి యడిగినట్లే బడిని గూర్చియు అడుగుడు. వారిని అడుగుటకు ముందు మీ యింట అడుగుకొనుడు.

ఆఱవ యింటి బాలిక బడికి వచ్చినదా యని పాఠకులు అడుగవచ్చును. బడి తెరచిన దినమున తల్లి చేయి పట్టుకొని వచ్చినది. ఆమెతో కలిపి మొదటి తరగతిలో ఇప్పుడు తొమ్మండుగురు. పదిమందికి ఒక్కరు తక్కువ. ఆ పదవ బిడ్డ ఎవరి యింటనుండి రావలెనో మనమందరము ఆలోచింపవలసియున్నది.