మన పిల్లల ఆరోగ్యం: గేదెలను అమ్మివేయాలా?



ఒక పల్లెటూరి సహోదరి వ్రాసిన ఉత్తరం నా ముందున్నది. ఆమె కుమారునికి ఆరేళ్లు. చలిగాలి మొదలైతే చాలు, రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, ఆయాసం. పట్నంలోని డాక్టరుగారు ఇన్‌హేలర్ వ్రాసి ఇచ్చారు. "ఆ పంపు అలవాటైతే జన్మలో మానలేడు" అని ఇరుగుపొరుగువారు భయపెట్టడంతో దానిని బీరువాలో పెట్టేశారు. ఇప్పుడేమో అత్తగారు, ఇదంతా పాకలోని గేదెల వల్లనే, వాటిని అమ్మేయమంటున్నారట. ఆ రెండు గేదెల పాలమీదనే ఇల్లు గడుస్తున్నది. "ఏం చేయమంటారు డాక్టరుగారూ?" అని ఆమె అడిగారు.

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు అమెరికాలోని రెండు క్రైస్తవ సంఘాల సంగతి చెప్పాలి. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలను మనలో చాలామంది ఎరుగుదురు. ఆ మెన్నోనైట్ల వలెనే పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకొనే సంప్రదాయానికి చెందినవారు ఆమిష్‌లు, హటరైట్లు. ఇద్దరి పూర్వికులూ ఐరోపానుండి వలస వచ్చినవారే. ఇద్దరూ వ్యవసాయదారులే. ఇద్దరిలోనూ పెద్ద కుటుంబాలు, తల్లులు చాలాకాలం పాలివ్వడం, పొగాకుకు దూరంగా ఉండడం కనిపిస్తాయి. రక్తసంబంధంగా చూచినా ఒకరికొకరు దగ్గరివారు.

అయితే హటరైట్ల బడి పిల్లలలో నూటికి 21 మందికి పైగా ఉబ్బసం ఉంటే, ఆమిష్ పిల్లలలో నూటికి అయిదుగురికే ఉన్నది. ఇంత తేడా ఎందుకు?

చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన కేరల్ ఓబర్, జర్మనీకి చెందిన పిల్లల వైద్యురాలు ఎరికా ఫాన్ మ్యూటియస్, మరికొందరు కలిసి ఈ ప్రశ్నను పరిశోధించారు. ఇండియానాలోని 30 మంది ఆమిష్ పిల్లలను, దక్షిణ డకోటాలోని 30 మంది హటరైట్ పిల్లలను పరీక్షించి, వారి ఇళ్లలోని దుమ్మును కూడా సేకరించారు. ఫలితాలు 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వెలువడ్డాయి.

తేడా సేద్యపు పద్ధతిలో కనబడింది. ఆమిష్‌లు నేటికీ గుర్రాలతో దున్నుతారు. ఒక్కొక్క కుటుంబానికి సొంత పాడి ఉంటుంది. పాక ఇంటి దగ్గరే ఉంటుంది గనుక పిల్లలు చిన్ననాటినుండి అందులోనే ఆడుకుంటారు. హటరైట్లది ఉమ్మడి ఆస్తి, పెద్ద యంత్రాల వ్యవసాయం. పశువుల కొట్టాలు ఇళ్లకు దూరం. చిన్నపిల్లలు అటు వెళ్లరు. పశువులనుండి వచ్చే సూక్ష్మక్రిముల పొట్టులోని ఒక పదార్థం ఆమిష్ ఇళ్ల దుమ్ములో దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా ఉన్నది. ఆ దుమ్ము సారాన్ని ఎలుకల ముక్కులో వేసి చూడగా, వాటికి ఉబ్బసం రాకుండా అడ్డుకున్నది. హటరైట్ ఇళ్ల దుమ్ముకు ఆ గుణం కనబడలేదు. పసితనంలోనే ఈ క్రిములతో పరిచయమైన శరీరం, ప్రతి చిన్న దుమ్ముకూ ఉలిక్కిపడకుండా నేర్చుకుంటుందని పరిశోధకుల అభిప్రాయం.

అయితే ఇక్కడ జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఇది ఉబ్బసం రాకుండా కాపాడే సంగతే గాని, వచ్చినదానిని నయం చేసే సంగతి కాదు. ఇప్పటికే ఆయాసమున్న బిడ్డను పాకలో కూర్చోబెడితే తగ్గదు. బూజుపట్టిన ఎండుగడ్డి దులిపేటప్పుడు, పాక ఊడ్చేటప్పుడు ఆ బిడ్డను దూరంగా ఉంచాలి. కట్టెపొయ్యి పొగ, చుట్ట బీడీల పొగ, పొలంలో గడ్డి తగులబెట్టిన పొగ మాత్రం ఎవరికీ మేలు చేయవు. తాతగారు వసారాలో చుట్ట కాలుస్తుంటే గేదెలను నిందించడం న్యాయం కాదు గదా! పాకలోకి వెళ్లిన ప్రతిసారీ ఆయాసం ఎక్కువవుతున్నదా అని కొన్ని వారాలు గమనించి, డాక్టరుగారికి చెప్పండి. అంతవరకు గేదెలను అమ్మవద్దు.

ఇక ఇన్‌హేలర్ సంగతి. ఉబ్బసంలో ఊపిరి గొట్టాలు లోపల వాచి, బిగుసుకుపోయి, కఫంతో నిండుతాయి. సాల్బుటమాల్ మాత్ర ఒకటి మింగితే 2 లేక 4 మిల్లీగ్రాముల మందు ఒళ్లంతా తిరుగుతుంది. పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అనగా ఆ మాత్రలో ఇరవయ్యో వంతో, నలభయ్యో వంతో. అదీ నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది. ఇది మత్తుమందు కాదు. అలవాటుగా మారదు.

ఇన్‌హేలర్లు రెండు రకాలని గుర్తుంచుకోండి. ఒకటి అప్పటికప్పుడు బిగువును సడలించేది. రెండవది వాపును తగ్గించేది, అనగా తక్కువ మోతాదు స్టిరాయిడ్. దీనిని ఆయాసం లేని రోజులలో కూడా డాక్టరు చెప్పినంతకాలం వాడాలి. మొదటిదానినే పదేపదే వాడుతూ రెండవదానిని మానివేస్తే, పైకి ఉపశమనం కలిగినా లోపలి వాపు అలాగే ఉంటుంది. చిన్నపిల్లలకు స్పేసర్ అనే గొట్టం అమర్చి ఇవ్వాలి. స్టిరాయిడ్ పీల్చిన తర్వాత నోరు పుక్కిలించాలి. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్లి చేప మందు మింగించినవారు కూడా ఈ మందును ఆపకూడదు.

బిడ్డ ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం, మాట పూర్తి చేయలేకపోవడం, పెదవులు నీలిబారడం చూస్తే ఉదయం వరకు ఆగవద్దు. ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరండి. దారిలోనూ మొదటి రకం పంపును స్పేసర్‌తో ఇస్తూ ఉండండి.

ఆమిష్‌ల గురించి మరొక మాట. ఉబ్బసం తక్కువైన ఆ ప్రజలలోనే కొన్ని అరుదైన పుట్టుకవ్యాధులు ఎక్కువ. కొద్దిమంది పూర్వికుల సంతానం తమలో తామే పెండ్లిళ్లు చేసుకోవడమే దీనికి కారణం. పెన్సిల్వేనియాలో కొందరు పసిబిడ్డలు మామూలు జ్వరం వచ్చిన కొద్ది గంటలలోనే కాళ్లూ చేతులూ పడిపోయి మంచానపడేవారు. హోమ్స్ మార్టన్ అనే పిల్లల వైద్యుడు అది గ్లూటారిక్ ఆసిడూరియా అనే వ్యాధి అని గుర్తించి, 1989లో ఆ పిల్లల కొరకు ఒక వైద్యశాల ప్రారంభించారు. దాని భవనాన్ని ఆమిష్, మెన్నోనైట్ వడ్రంగులే నిలబెట్టారు. పుట్టిన వెంటనే పరీక్ష చేసి, తగిన ఆహారమిచ్చి, జ్వరం వచ్చినప్పుడు ఆలస్యం లేకుండా గ్లూకోజు ఎక్కించడం వలన అనేకమంది బిడ్డలు అవిటితనం తప్పించుకొన్నారు.

మన కుటుంబాలలో మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడం ఇంకా ఉన్నవి. అటువంటి ఇంట ఒక బిడ్డ కారణం తెలియకుండా చనిపోయినా, ఎదుగుదల ఆగినా, తల్లిని నిందించవద్దు. ఇద్దరి రక్తంలోనూ ఒకే లోపం కలిసినప్పుడే అట్టి వ్యాధులలో ఎక్కువభాగం వస్తాయి. తర్వాతి కాన్పుకు ముందే పెద్దాసుపత్రిలో జన్యు సలహా తీసుకోండి.

సహోదరీ, బీరువాలోని ఇన్‌హేలర్‌ను బయటకు తీసి, గడువు తేదీ చూచి, ఈ వారమే బిడ్డతో సహా డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. అది ఎట్లా పీల్చాలో ఆయన ముందే చేయించి చూపించమనండి. వీలైతే అత్తగారిని కూడా వెంట తీసుకొని వెళ్లండి. ఆమె చెవులారా వింటే ఇంటిలో సగం భయం తీరిపోతుంది.